వినైల్ కొనేటప్పుడు రంగు ఆఖరున చూడండి
మీ ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వెనక జిగురుండే వినైల్ షీట్ల గురించే. ఏది కొనాలి, కొన్నది ఎందుకు అంటుకోలేదు, అంటుకున్నది ఎందుకు లేచింది అని అడిగారు. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

*

ప్రశ్న: కొత్తగా కటింగ్ మెషీన్ (వినైల్‌ను డిజైన్ ఆకారంలో బ్లేడ్‌తో కోసేది) కొన్నాను. వినైల్ కోసం వెతికితే 631, 651, 751, 951 అని అంకెలు కనిపిస్తున్నాయి. ఫొటోల్లో అన్నీ ఒకేలా ఉన్నాయి. పిల్లల గది గోడ మీద అక్షరాలు, కారు వెనక అద్దం మీద చిన్న డిజైన్, గాజు సీసాలకు పేర్లు వేయాలి. మూడింటికీ ఒకే రోల్ సరిపోతుందా?

జవాబు: సరిపోదు. సీసాలకూ కారుకూ ఒకటే సరిపెట్టుకోవచ్చు, గోడకు మాత్రం వేరేది కావాలి.

మీరు చూసిన అంకెలు జర్మనీకి చెందిన ఒరాఫోల్ కంపెనీ ఒరకాల్ పేరుతో అమ్మే రకాలవి. అంకె పెద్దదైతే సరుకు మెరుగని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. 631ను తేలిగ్గా ఊడి వచ్చేలా కావాలనే చేశారు. కాబట్టి గోడ మీద 951 కంటే 631 వాడటమే తెలివైన పని. మిగతా కంపెనీల సరుక్కీ ఇదే లెక్క వర్తిస్తుంది, పేర్లే మారతాయి.

ఏ వినైల్ చూసినా అందులో ఫిల్మ్, జిగురు అని రెండు వేరువేరు సంగతులున్నాయి. వీటిని విడివిడిగా ఎంచుకోవాలి.

ముందు ఫిల్మ్ సంగతి. పీవీసీ అనే ప్లాస్టిక్ ముద్దను వేడి రోలర్ల మధ్య నలిపి, సాగదీసి పలచగా చేస్తే క్యాలెండర్డ్ ఫిల్మ్. పీవీసీని ద్రవంగా ఒక షీట్ మీద పోసి ఓవెన్‌లో గట్టిపరిస్తే కాస్ట్ ఫిల్మ్. మొదటిదాన్ని లాగి తయారు చేశారు కనుక అది ఎప్పటికైనా వెనక్కి ముడుచుకోవాలనే చూస్తుంది. ఎండ, వేడి తగిలితే ఇంకా తొందరపడుతుంది. డిజైన్ అంచు చుట్టూ సన్నని జిగురు గీత బయటపడి, దుమ్ము పట్టి నల్లగా కనిపిస్తే ఫిల్మ్ కుంచించుకుపోయిందని అర్థం. కాస్ట్ ఫిల్మ్‌కు లాగుడు లేదు కాబట్టి దాదాపుగా పెట్టినచోటే ఉంటుంది. మందం కూడా తక్కువ, 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) దరిదాపుల్లో ఉంటుంది. అందుకే వంపుల్లో బాగా ఒదుగుతుంది. క్యాలెండర్డ్‌లో మళ్లీ రెండు రకాలు: మోనోమెరిక్, పాలిమెరిక్. మెత్తదనం కోసం కలిపే ప్లాస్టిసైజర్‌ను బట్టి ఈ తేడా. మోనోమెరిక్‌లో అది త్వరగా బయటికి జారిపోతుంది, ఫిల్మ్ పెళుసెక్కి ముడుచుకుంటుంది. కొన్ని నెలల ప్రకటనలకు అది చాలు. ఏళ్ల తరబడి ఉండాల్సిన పనికి వద్దు.

ఇక జిగురు. రిమూవబుల్ రకం ఊడదీసినప్పుడు మరక మిగల్చకుండా వస్తుంది. పర్మనెంట్ అంటే ఎప్పటికీ ఊడదని కాదు, ఊడేటప్పుడు జిగురు మిగలొచ్చు, ఫిల్మ్ ముక్కలుగా రావచ్చు. గరుకు ఉపరితలాలకూ మొండి ప్లాస్టిక్‌కూ హై ట్యాక్ అని ఇంకా గట్టి రకం ఉంది.

ఇప్పుడు ఆ అంకెలు చూడండి. 631 మెరుపు లేని మ్యాట్ ఫినిష్‌తో, రిమూవబుల్ జిగురుతో ఇంటి లోపలి గోడలకు. 651 క్యాలెండర్డ్, 63 మైక్రాన్లు, పర్మనెంట్ జిగురు, ఆరుబయట 6 ఏళ్ల వరకు అంటారు. 751 కాస్ట్, 8 ఏళ్ల వరకు. 951 ఇంకా పై రకం కాస్ట్, 10 ఏళ్ల వరకు. ఈ ఏళ్లను మాత్రం ముఖవిలువకు తీసుకోకండి. నిలువుగా ఉన్న ఉపరితలం మీద, మధ్య ఐరోపా వాతావరణంలో లెక్కగట్టినవి అవి. ఎండ మాడ్చే చోట, అందులోనూ కారు బానెట్‌లా ఆకాశం వైపు పడుకున్న ఉపరితలం మీద అందులో సగం దక్కితే గొప్ప. తెలుపు, నలుపు ఎక్కువ కాలం నిలుస్తాయి. మెటాలిక్ రంగులు ముందు చెడతాయి.

కాబట్టి గోడకు 631 లాంటిది, సీసాలకు 651 లాంటిది కొనండి. కారు అద్దం దాదాపు చదునుగా ఉంటుంది కాబట్టి అక్కడా 651 చాలు. అద్దం మీద వినైల్ బయటివైపే పెట్టండి. లోపలివైపు ఆవిరి పోగొట్టే వేడి తీగలుంటాయి. రేపు ఊడదీసేటప్పుడు గీరితే అవి తెగుతాయి.

*

ప్రశ్న: బైక్ ట్యాంక్ మీద 651 వేశాను. మొదటి వారం అద్దంలా ఉంది. నెల తిరక్కుండా వంపు దగ్గర అంచులు లేచాయి. హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి నొక్కితే కూర్చుంటుంది, మళ్లీ లేస్తుంది. జిగురులో లోపమా?

జవాబు: జిగురు బాగానే ఉంది. చదును ఉపరితలానికి చేసిన ఫిల్మ్‌ను మీరు వంపు మీద కూర్చోబెట్టారు. ఒకే దిశలో వంగిన చోట, అంటే గొట్టం మీదో సీసా మీదో, 651 ఇబ్బంది పెట్టదు. ట్యాంక్ భుజం రెండు దిశల్లోనూ వంగుతుంది. అక్కడ ఫిల్మ్‌ను సాగదీయక తప్పదు. సాగదీసిన క్యాలెండర్డ్ ఫిల్మ్ తన పాత కొలతకు రావడానికి రోజంతా జిగురును లాగుతూనే ఉంటుంది. ఎండలో ట్యాంక్ వేడెక్కినప్పుడు జిగురు మెత్తబడుతుంది, లాగుడు గెలుస్తుంది. మీరు వేడి చేసి నొక్కిన ప్రతిసారీ ఫిల్మ్‌ను ఇంకొంచెం సాగదీస్తున్నారు, అంతే.

ఇక్కడ కాస్ట్ ఫిల్మే కావాలి. చిన్న డిజైన్‌కు 751 లేదా 951. ట్యాంక్ మొత్తం కప్పాలంటే 3ఎం 2080, ఎవరీ డెనిసన్ ఎస్‌డబ్ల్యూ900 లాంటి ర్యాప్ ఫిల్మ్. ఇవి గాలి బయటికి పోయే సన్నని కాలువలున్న జిగురుతో వస్తాయి, పొడిగానే అంటించాలి.

కాస్ట్ వాడినా ఒక పని మరిస్తే లాభం లేదు. సాగదీసిన భాగాలను చివర్లో మళ్లీ వేడి చేయాలి. హీట్ గన్‌తో సుమారు 100 డిగ్రీల సెల్సియస్‌కు తేవాలి. కచ్చితమైన అంకె ఆ ఫిల్మ్ గురించి కంపెనీ ఇచ్చే వివరాల పత్రంలో (డేటా షీట్) ఉంటుంది. ఇన్ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కొలవండి, చేతితో అంచనా వేయకండి. ఆ వేడికి ఫిల్మ్ తన పాత ఆకారాన్ని మరిచి కొత్త ఆకారంలో నిలబడుతుంది. హెయిర్ డ్రయర్‌తో అంత వేడి రాబట్టడం కష్టం. పెట్రోల్ ట్యాంక్ దగ్గర హీట్ గన్ వాడుతున్నారు కాబట్టి ట్యాంక్ విప్పి, ఖాళీ చేసి, ఆవిరి పోయాకే ఈ పని చేయండి. పెట్రోల్ మూత చుట్టూ 2 సెంటీమీటర్లు వదిలేయండి. అక్కడ ఒలికే చుక్కలు ఏ జిగురునైనా కరిగిస్తాయి.

*

ప్రశ్న: కొత్తగా రంగు వేసిన గోడ మీద అక్షరాలు అతికించాం. తెల్లారేసరికి సగం నేల మీద ఉన్నాయి. రిమూవబుల్ వద్దని పర్మనెంట్ తెచ్చి పెడితే ఈసారి ఊడదీస్తుంటే రంగు పెచ్చులతో సహా వచ్చింది.

జవాబు: గోడ రంగు చేతికి ఆరినట్టు అనిపించాక కూడా లోపలి నుంచి ఆవిరి వదులుతూనే ఉంటుంది. ఆ ఆవిరి జిగురు కిందికి చేరి దాన్ని నెట్టేస్తుంది. కనీసం 3 వారాలు ఆగండి. గాలి ఆడని గది అయితే నెల.

ఆగినా అంటుకోకపోతే రంగు రకం చూడండి. మరకలు పట్టని, కడగడానికి వీలైన రంగుల్లో దేన్నీ అంటనివ్వని గుణం కావాలనే కలుపుతారు. వాటికి మరక ఎలా అంటదో జిగురూ అలాగే అంటదు. గరుకు టెక్స్చర్ గోడ అయితే జిగురుకు గుబ్బల కొసలే దొరుకుతాయి, అక్కడ మామూలు ఫిల్మ్ నిలవదు. సున్నం, పాత డిస్టెంపర్ అయితే అరచేతితో ఒకసారి రుద్దండి. పొడి అంటితే ఏ వినైలూ పెట్టకండి. అది గోడకు అంటదు, పొడికి అంటుతుంది.

పెచ్చు లేచిందంటే రంగుకూ గోడకూ మధ్య పట్టు, రంగుకూ జిగురుకూ మధ్య పట్టు కంటే బలహీనంగా ఉందన్నమాట. ప్రైమర్ వేయకుండా రంగు పూసిన గోడల్లో ఇది మామూలే. అందుకే గోడ మీద పర్మనెంట్ వాడొద్దంటాం. డిజైన్ మొత్తం కోసే ముందు 5 సెంటీమీటర్ల ముక్కను కంటికి కనపడని మూల అతికించి రెండు మూడు రోజులు ఉంచండి. నిలిచిందా, ఊడదీస్తే రంగు రాలుతోందా, రెండూ తెలిసిపోతాయి. గోడ అక్షరాల్లో గీతలు మరీ సన్నగా పెట్టకండి. 5 మిల్లీమీటర్లకు తగ్గితే జిగురుకు పట్టు దొరకదు.

*

ప్రశ్న: గాజు మీద గట్టిగా ఉన్న స్టిక్కర్ ప్లాస్టిక్ డబ్బా మీద రెండు రోజులు కూడా ఉండటం లేదు. ఆల్కహాల్‌తో తుడిచే పెట్టాను.

జవాబు: డబ్బా తిరగేసి అడుగున త్రికోణంలో అంకె చూడండి. 2, 4 ఉంటే పాలీఇథిలీన్, 5 ఉంటే పాలీప్రొపిలీన్. వీటి ఉపరితలం ఏ ద్రవాన్నీ తన మీద పరుచుకోనివ్వదు. జిగురు కూడా మెల్లగా ప్రవహించి పరుచుకుంటేనే పట్టు దొరుకుతుంది. ఒక నీటి చుక్క వేసి చూడండి. ముత్యంలా గుండ్రంగా నిలబడితే మామూలు పర్మనెంట్ జిగురుతో ఆశ పెట్టుకోకండి. పరుచుకుంటే ధైర్యంగా అతికించండి.

ఇలాంటి ప్లాస్టిక్‌కు హై ట్యాక్ జిగురున్న వినైల్ దొరుకుతుంది, అదే సరైన దారి. లేదంటే అంచుల దగ్గర మాత్రం 3ఎం ప్రైమర్ 94 లాంటి పట్టు పెంచే ద్రవాన్ని పలచగా రాసి, ఆరాక అతికించవచ్చు. అది రాసిన చోటు నుంచి స్టిక్కర్ శుభ్రంగా ఊడి వస్తుందనుకోకండి. కిటికీ తెరిచి వాడండి, తిండి పెట్టే వైపు అంటనీయకండి. నొక్కితే వంగే మెత్తటి సీసాల మీద హై ట్యాక్ కూడా మెల్లగా ఓడిపోతుంది. సిలికాన్ వస్తువులకైతే ప్రయత్నమే అనవసరం.

పాలీకార్బొనేట్, యాక్రిలిక్ షీట్ల ఇబ్బంది వేరు. అవి బాగానే అంటనిస్తాయి, కానీ లోపలి తేమనూ వాయువునూ వదులుతూ కొన్నాళ్లకు వినైల్ కింద బుడగలు లేపుతాయి. అతికించే ముందే ఒక ముక్క వేసి, కాస్త వేడి తగిలే చోట ఒకరోజు ఉంచి చూడండి.

*

ప్రశ్న: కప్పుల మీద పేర్లు వేసి బహుమతిగా ఇస్తాను. డిష్‌వాషర్‌లో వేస్తే రెండు మూడు సార్లకే లేస్తున్నాయి. పైన ఏదైనా పూత వేయాలా?

జవాబు: బోర్డులకు వాడే ఇలాంటి మామూలు వినైల్‌ను డిష్‌వాషర్ కోసం తయారు చేయలేదు. కాగితం మీద రాసి ఇవ్వండి: చేత్తో కడగాలి, నానబెట్టకూడదు. అతికించిన తరువాత 72 గంటలు నీళ్లు తగలనీయకండి. జిగురు పూర్తి పట్టు సాధించడానికి అంత సమయం పడుతుంది. తొందరపడి అదే రోజు కడిగిన కప్పులే ఎక్కువగా చెడతాయి.

కప్పు బయటివైపు మాత్రమే, పెదవి తగిలే అంచుకు కనీసం 2 సెంటీమీటర్లు కింద పెట్టండి. ఈ జిగుర్లు నోటికి, తిండికి తగలడానికి ఉద్దేశించినవి కావు. మెటాలిక్ రకమైతే ఆ కప్పును మైక్రోవేవ్‌లో పెట్టొద్దని కూడా చెప్పండి. పైన ఎపాక్సీ రెజిన్ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే పూత) పోస్తే నిలుస్తుంది, నిజమే, కానీ అది వేరే పని. కలపడంలో పాళ్లు తప్పితే జీవితాంతం జిడ్డుగానే ఉంటుంది. పెదవి అంచు నియమం దానికీ ఉంది. బ్రష్‌తో పూసే క్రాఫ్ట్ జిగుర్లు నీళ్లకు తెల్లబడతాయి, వాటి జోలికి పోకండి.

అక్షరాల చివర మొనలు ముందు లేస్తాయి. డిజైన్‌లో మొనలను కొంచెం గుండ్రం చేస్తే చాలా తేడా కనిపిస్తుంది.

*

ప్రశ్న: కోసిన అక్షరాలు వెనక కాగితం నుంచి ట్రాన్స్‌ఫర్ టేప్‌కు (అక్షరాలను ఎత్తి వస్తువు మీదికి మార్చే టేప్) ఎక్కడం లేదు. ఎక్కించాక వస్తువు మీద దిగడం లేదు! వినైల్ మార్చాలా, టేప్ మార్చాలా?

జవాబు: ముందు బ్లేడ్ చూడండి.

వెనక కాగితం మీద సిలికాన్ పూత ఉంటుంది. బ్లేడ్ ఎక్కువ లోతుకు దిగితే ఆ పూత తెగి, అక్కడ జిగురు నేరుగా కాగితాన్ని పట్టుకుంటుంది. తరువాత ఎంత మంచి టేప్ అయినా లేపలేదు. ప్రతి కొత్త రోల్‌కూ పరీక్ష కోత వేయండి: 1 సెంటీమీటర్ చతురస్రం, దాని లోపల చిన్న త్రికోణం. చతురస్రాన్ని మాత్రం పీకితే త్రికోణం కాగితం మీదే ఉండాలి. ఆపైన కాగితాన్ని తిప్పి వెనక చూడండి. గీత కనిపించినా, వేలికి తగిలినా లోతు ఎక్కువైనట్టే. బ్లేడ్ మొన హోల్డర్‌లోంచి కనిపించీ కనిపించనట్టు ఉంటే చాలు. 63 మైక్రాన్లంటే మిల్లీమీటర్‌లో పదహారో వంతు. మామూలు వినైల్‌కు 45 డిగ్రీల బ్లేడ్, మందపాటి గ్లిటర్, రిఫ్లెక్టివ్ షీట్లకు, చాలా సన్నని పనికి 60 డిగ్రీలది. వేగం తగ్గిస్తే చిన్న అక్షరాల మూలలు చిరగవు.

బ్లేడ్ సరిగ్గా ఉండి కూడా ఎక్కకపోతే అప్పుడు టేప్. నునుపు వినైల్‌కు మధ్యస్థ పట్టు, గ్లిటర్‌కు గట్టి పట్టు, 631 లాంటి రిమూవబుల్‌కు తక్కువ పట్టు. టేప్ వినైల్‌ను పట్టుకోవాలి, కానీ వస్తువు అంతకంటే గట్టిగా పట్టుకోవాలి. గట్టి టేప్‌తో రిమూవబుల్ వేస్తే టేప్ గెలుస్తుంది, మీ రెండో ఫిర్యాదు అదే. చేతిలో అదొక్కటే ఉంటే బట్ట మీద ఒకసారి అతికించి పీకండి, నూగు అంటి పట్టు తగ్గుతుంది.

ఎక్కించే పద్ధతి కూడా ముఖ్యం. టేప్ పరిచి స్క్వీజీతో (రుద్దడానికి వాడే చదును పలక) మధ్య నుంచి అంచులకు గట్టిగా రుద్దండి. మొత్తాన్ని బోర్లా తిప్పి కాగితం వైపు నుంచి కూడా రుద్దండి. ఆ తరువాత టేప్‌ను కాదు, కాగితాన్ని లాగండి, దాన్ని దాని మీదికే మడిచి, బల్లకు ఆనించినట్టు చదునుగా. ఎక్కడైనా అక్షరం కాగితంతో పోతుంటే వెనక్కి వేసి, అక్కడ రుద్ది, మళ్లీ లాగండి. వస్తువు మీద టేప్ ఊడదీసేటప్పుడు కూడా ఇదే కోణం. చలిగా ఉంటే జిగురు మొద్దుబారుతుంది, 15 నుంచి 25 డిగ్రీల మధ్య పని హాయిగా సాగుతుంది.

*

ప్రశ్న: ఆఫీసు గాజు తలుపు మీద మంచు గాజులా కనిపించే ఫిల్మ్ వేయాలి. నీళ్లు చల్లి వేయమని ఒకరు, పొడిగా వేయమని ఒకరు. పేరు లోపలి నుంచి అతికిస్తే బయటివాళ్లకు సరిగ్గా కనిపిస్తుందా?

జవాబు: మంచు గాజు ఫిల్మ్ పెద్ద షీట్ అయితే నీళ్లతోనే. లీటర్ నీటికి రెండు మూడు చుక్కల గిన్నెలు తోమే సబ్బు, అంతకంటే వద్దు. చేతులు మెత్తబరిచే నూనెలు కలిపిన సబ్బు అయితే జిగురు పట్టదు. గాజు మీదా, కాగితం తీసిన ఫిల్మ్ జిగురు వైపూ రెండింటా చల్లండి. ఫిల్మ్ తేలుతూ జరుగుతుంది, కుదురుగా పెట్టి మధ్య నుంచి నీళ్లు బయటికి తోయండి. కింద ఉండిపోయిన ఒక ఇసుక రేణువు ఈ ఫిల్మ్‌లో చుక్కలా కనిపిస్తుంది. అందుకని గాజును ముందు బ్లేడ్ స్క్రేపర్‌తో గీరి, తరువాత తుడవండి. ఫ్యాన్ ఆపేయండి. మొదటి రోజుల్లో కనిపించే మసక తేమ మెల్లగా ఆరిపోతుంది, సూదితో పొడవకండి.

నీళ్లు పనికిరాని చోట్లు రెండు. గాలి కాలువలున్న జిగురులో నీళ్లు చేరి అక్కడే ఉండిపోతాయి. రిమూవబుల్ వినైల్‌లో నీటి ఆధారిత జిగురు తడికి పాలలా తెల్లబడుతుంది.

పేరు లోపలి నుంచి అతికించవచ్చు, వానా చేతులూ తగలవు కనుక మేలే. కానీ డిజైన్‌ను అద్దంలో కనిపించినట్టు తిప్పి కోయాలి. బయటివాళ్లు జిగురు వైపు రంగు చూస్తారు. కొన్ని మెటాలిక్‌లలో ఆ వైపు వేరే రంగు ఉంటుంది. కొనే ముందు కాగితం మూల లేపి చూడండి. ఎండ నేరుగా పడే గాజులో పెద్ద నల్లని ముక్క వేయకండి. ఒక భాగం ఎక్కువ వేడెక్కి గాజు పగిలే ప్రమాదం ఉంది.

*

ప్రశ్న: ఇంట్లోని ఇంక్‌జెట్ ప్రింటర్‌తో వినైల్ షీట్ మీద ప్రింట్ చేసి వాటర్ బాటిల్‌కు అతికిస్తే రంగు కారిపోయింది. షీట్ మీద వాటర్‌ప్రూఫ్ అని ఉంది.

జవాబు: షీట్ వాటర్‌ప్రూఫే, ఇంకు కాదు. చాలా ఇంటి ప్రింటర్లలో ఉండే డై ఇంకు తడికి కరుగుతుంది, ఎండకు వెలుస్తుంది. పిగ్మెంట్ ఇంకు నయం. ఏదైనా పైన లామినేషన్, అంటే కాపాడే పారదర్శక పొర, తప్పదు. ప్రింట్ చేశాక ఒక రోజు ఆరనిచ్చి, వేడి అక్కర్లేకుండా అంటుకునే (కోల్డ్) లామినేట్ ఫిల్మ్‌ను ఒక అంచు నుంచి మెల్లగా రుద్దుతూ పరచండి. లామినేట్ స్టిక్కర్ కంటే చుట్టూ 2 మిల్లీమీటర్లు పెద్దదిగా ఉండి, బాటిల్‌ను నేరుగా పట్టుకుంటే నీళ్లు అంచు నుంచి దూరలేవు.

జతలో ఒక నియమం: కాస్ట్ ఫిల్మ్‌కు కాస్ట్ లామినేట్, క్యాలెండర్డ్‌కు క్యాలెండర్డ్. కాస్ట్ మీద క్యాలెండర్డ్ లామినేట్ వేస్తే పైపొర ముడుచుకుని స్టిక్కర్ అంచులను పైకి లేపేస్తుంది. ఇంక్‌జెట్ షీట్‌ను లేజర్ ప్రింటర్‌లో మాత్రం పెట్టకండి. లోపలి వేడికి కరిగి వేడి రోలర్‌కు చుట్టుకుంటుంది, మరమ్మతు ఖర్చు ప్రింటర్ ఖర్చంత అవుతుంది.

*

ప్రశ్న: మిగిలిన 651తో టీ-షర్ట్ మీద ఇస్త్రీ పెట్టి అతికించవచ్చా?

జవాబు: వద్దు. బట్టకు వేడితో అంటుకునే హీట్ ట్రాన్స్‌ఫర్ వినైల్ వేరు. అది 150 డిగ్రీల దరిదాపుల్లో 10 నుంచి 15 సెకన్లు నొక్కితే అంటుతుంది, డిజైన్‌ను తిప్పి కోయాలి. 651కు ఇస్త్రీ పెడితే ఫిల్మ్ ముడతలు పడుతుంది, మొదటి ఉతుకుకే పోతుంది.

*

ప్రశ్న: చెక్క బోర్డు మీద అక్షరాలకు వినైల్‌ను స్టెన్సిల్‌గా వాడుతున్నాను. రంగు అంచుల కిందికి పాకి గజిబిజి అవుతోంది.

జవాబు: దీనికి స్టెన్సిల్ ఫిల్మే ఉంది. ఒరామాస్క్ 813 లాంటిది, 80 మైక్రాన్లు, లేత నీలంగా సగం పారదర్శకం. కింద గీసుకున్న గుర్తులు కనిపిస్తాయి. 631 కూడా పనిచేస్తుంది. 651 వద్దు, తీసేటప్పుడు కింది రంగు లేస్తుంది.

పాకడానికి కారణం చెక్క నారల మధ్య ఉండే గాడులు. చెక్కను 220 నంబర్ గరుకు కాగితంతో రుద్ది, ముందు అడుగు రంగు వేసి బాగా ఆరనివ్వండి. స్టెన్సిల్ అతికించి అంచులను వేలిగోటితో నొక్కాక, అసలు రంగు కాకుండా అదే అడుగు రంగును పలచగా అంచుల మీద పూయండి. పాకేదేదో అదే పాకుతుంది, కంటికి కనిపించదు, సందులు మూసుకుపోతాయి. అది ఆరాక అక్షరాల రంగు స్పాంజితో తడుతూ రెండు మూడు పలచని పొరలు. చివరి పొర పచ్చిగా ఉండగానే స్టెన్సిల్ ఊడదీయండి. పూర్తిగా ఆరనిస్తే రంగు పొర స్టెన్సిల్‌తో కలిసిపోయి అంచు చిరుగుతుంది.

గాజు మీద ఎచింగ్ క్రీమ్‌తో (గాజును కొద్దిగా తినేసి మసక గుర్తు మిగిల్చే రసాయనం) చెక్కేటప్పుడు లెక్క తిరగబడుతుంది. అక్కడ క్రీమ్ అంచు కిందికి చేరకూడదు కనుక పర్మనెంట్ 651నే మాస్క్‌గా వాడండి. చేతికి గ్లవ్స్ తప్పనిసరి.

*

ప్రశ్న: రెండు మూడు రంగుల వినైల్ పొరలు పొరలుగా వేస్తే కింది పొర ముడతలు పడుతోంది.

జవాబు: పెద్ద ముక్క మీద పెద్ద ముక్క పూర్తిగా పరుస్తున్నారేమో. పై రంగు పడేచోట కింది రంగును కోసి తీసేసి, కలిసే అంచు దగ్గర 1, 2 మిల్లీమీటర్లు మాత్రం ఒకదాని మీద ఒకటి ఉంచండి. గ్లిటర్, మెటాలిక్ షీట్లు ఎప్పుడూ పై పొరే. గ్లిటర్ గరుకు మీద ఏదీ అంటదు. ఆరుబయట పెట్టేదైతే పొరలన్నీ ఒకే రకం ఫిల్మ్‌వి కావాలి. ఒకటి ముడుచుకుని ఇంకొకటి ముడుచుకోకపోతే ముడతే మిగులుతుంది.

*

ప్రశ్న: కొన్న సెకండ్ హ్యాండ్ కారు తలుపుల మీద పాత కంపెనీ పేరు ఉంది. గీరితే ముక్కలు ముక్కలుగా వస్తోంది. పెయింట్ పోతుందేమోనని భయం.

జవాబు: గీరడం ఆపేయండి. ఎండకు పెళుసెక్కిన క్యాలెండర్డ్ ఫిల్మ్ అది. హెయిర్ డ్రయర్‌తో చెయ్యి ఆనించగలిగినంత వెచ్చగా చేసి, ఒక మూల ప్లాస్టిక్ కార్డుతో లేపి, వెనక్కి మడిచి చదునుగా, మెల్లగా లాగండి. వేగంగా లాగితే తెగుతుంది. మరీ వేడెక్కితే సాగిపోయి తెగుతుంది, జిగురంతా కారు మీదే మిగిలిపోతుంది. ఒక అక్షరానికి రెండు మూడు సార్లు వేడి చేయాల్సి రావచ్చు. లోహపు బ్లేడ్ గాజు మీద మాత్రమే, పెయింట్ మీద వద్దు.

మిగిలిన జిగురుకు జిగురు తీసే ద్రవం బట్టకు పట్టించి, రెండు నిమిషాలు ఆనించి, తుడవండి. ముందు తలుపు లోపలి అంచున, కనిపించని చోట రాసి చూడండి. కారుకు తిరిగి పెయింట్ వేయించి ఉంటే అది కంపెనీ పెయింట్ కంటే తేలిగ్గా మెత్తబడుతుంది. థిన్నర్ వాడకండి. అక్షరాలు పోయాక వాటి నీడ కనిపిస్తే చుట్టూ పెయింట్ ఎండకు వెలిసి, కింద ఉన్నది వెలవలేదని అర్థం. జిగురు తీసే ద్రవం దాన్ని పోగొట్టదు, పాలిష్ చేయిస్తే కొంత కలుస్తుంది.